980 కోసం వెతకకండి: బీఎస్సీ ఫిజిక్స్ ప్రాక్టికల్స్ చేసే పద్ధతి

బీఎస్సీ మొదటి సంవత్సరంలో చేరిన విద్యార్థికి భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ఎదురయ్యే మొదటి చిక్కు ఏమిటంటే, అక్కడ చేసే ప్రతి ప్రయోగానికీ జవాబు ముందే తెలిసి ఉండడం. గురుత్వ త్వరణం 980 సెం.మీ./సె², సోడియం కాంతి తరంగదైర్ఘ్యం 5893 ఆంగ్‌స్ట్రామ్‌లు అని పుస్తకంలో ఉంటుంది; సీనియర్ల రికార్డుల్లోనూ అదే ఉంటుంది. అందువల్ల ఆ అంకె దగ్గరికి చేరడమే ప్రయోగమని చాలామంది అనుకుంటారు. నేనూ మొదటి ఏడాదంతా అలాగే అనుకుని, రీడింగులను వెనక నుంచి లెక్కగట్టి రాశాను. ఆ ఏడాది నేను ఏమీ నేర్చుకోలేదని తర్వాత తెలిసింది. ప్రయోగశాలలో నేర్చుకోవలసింది జవాబు కాదు. మన జవాబును ఎంతవరకు నమ్మవచ్చో చెప్పగలగడం.

ఈ పని ల్యాబ్‌కు వెళ్లకముందే మొదలవుతుంది. ముందురోజు సూత్రాన్ని కాగితం మీద రాసుకుని, అందులో ఏ రాశి పెద్ద ఘాతంతో ఉందో చూడండి. కడ్డీని వంచి యంగ్ గుణకం (పదార్థం సాగడాన్ని ఎంతగా నిరోధిస్తుందో చెప్పే విలువ) కనుక్కునే ప్రయోగంలో కడ్డీ మందం ఘనరూపంలో వస్తుంది. మందం 0.5 సెం.మీ. ఉన్న కడ్డీని 0.01 సెం.మీ. కనీసపు కొలత (పరికరం చూపగల అతి చిన్న కొలత) గల వెర్నియర్ కాలిపర్స్‌తో కొలిస్తే 2 శాతం అనిశ్చితి వస్తుంది, ఘనం వల్ల అది ఫలితంలో 6 శాతమవుతుంది. 0.001 సెం.మీ. కొలిచే స్క్రూ గేజ్ వాడితే అదే 0.6 శాతానికి దిగుతుంది. కడ్డీ పొడవు కూడా ఘనంలోనే ఉన్నా, 80 సెం.మీ. పొడవును మామూలు మీటరు స్కేలుతో కొలిచినా అరశాతం లోపే తేడా పడుతుంది. అంటే ఓపికనంతా స్క్రూ గేజ్ దగ్గర ఖర్చు చేయాలి: శూన్యాంశ దోషం (ఏమీ కొలవనప్పుడు కూడా పరికరం చూపే తేడా) చూసుకుని, కడ్డీ పొడవునా అయిదారు చోట్ల మందం కొలిచి సగటు తీయాలి.

బల్ల దగ్గరికి వెళ్లాక ముందుగా ప్రతి పరికరం కనీసపు కొలతనూ శూన్యాంశ దోషాన్నీ అబ్జర్వేషన్ బుక్‌లో రాయండి. రీడింగులను పెన్సిల్‌తో కాక పెన్నుతోనే రాయాలి. తప్పు పడితే ఒక గీతతో కొట్టివేసి పక్కన కొత్తది రాయాలి తప్ప చెరపకూడదు. కొట్టివేసిన రీడింగే సరైనదని సాయంత్రం లెక్క చేస్తున్నప్పుడు తేలిన సందర్భాలు నాకు చాలా ఉన్నాయి.

లఘులోలకాన్ని చాలామంది చిన్న ప్రయోగమని తేలిగ్గా తీసుకుంటారు గాని, కొలత గురించి ఇంతగా నేర్పే ప్రయోగం మరొకటి లేదు. 100 సెం.మీ. పొడవున్న లోలకానికి 20 డోలనాలు పూర్తి కావడానికి సుమారు 40.2 సెకన్లు పడుతుంది. స్టాప్‌వాచ్ నొక్కడంలో మన చేతి తేడా 0.2 సెకను అనుకుంటే కాలంలో అనిశ్చితి 0.5 శాతం, సూత్రంలో కాలం వర్గరూపంలో ఉంది కాబట్టి గురుత్వ త్వరణంలో 1 శాతం, అంటే దాదాపు 10 యూనిట్లు. కాబట్టి ఒకరికి 971, పక్కవారికి 985 వస్తే రెండూ మంచి ఫలితాలే. 50 డోలనాలు లెక్కిస్తే ఆ 10 కాస్తా 4కు తగ్గుతుంది. గుండును 20 డిగ్రీల వరకు లాగి వదిలితే మాత్రం ఆవర్తన కాలం ముప్పాతిక శాతం పెరిగి, ఫలితం ఒకటిన్నర శాతం తగ్గిపోతుంది. 5 డిగ్రీల లోపు ఉంచితే ఈ దోషాన్ని పట్టించుకోనక్కర్లేదు.

ఇంకొక మాట. 980.665 అనేది 1901లో అంతర్జాతీయంగా ఒప్పుకున్న ప్రామాణిక విలువ మాత్రమే. భూమధ్యరేఖకు దగ్గరగా, సముద్రమట్టానికి అర కిలోమీటరు ఎత్తున ఉన్న హైదరాబాద్‌లో అసలు విలువ 978కి కాస్త పైన ఉంటుంది. కాబట్టి సరిగ్గా 980.6 తెచ్చి చూపించిన విద్యార్థి హైదరాబాద్‌ను కొలవలేదు, పుస్తకాన్ని కొలిచాడు.

పొడవును అడ్డంగా, ఆవర్తన కాలపు వర్గాన్ని నిలువుగా తీసుకుని గ్రాఫ్ గీయండి. సరళరేఖ మూలబిందువు గుండా పోకపోతే దాన్ని బలవంతంగా అటు లాగకండి. దారం పొడవు మాత్రమే కొలిచి గుండు వ్యాసార్ధం కలపడం మరిచిపోతే, రేఖ అడ్డ అక్షాన్ని మూలబిందువుకు ఎడమవైపు సరిగ్గా ఆ వ్యాసార్ధమంత దూరంలో ఖండిస్తుంది. వాలు మాత్రం మారదు, కాబట్టి గురుత్వ త్వరణం చెడిపోదు. జరిగిన తప్పును గ్రాఫ్ తానే చూపించి, దాని నుంచి ఫలితాన్ని కాపాడుతుంది. ఒక్క పొడవుకు లెక్క కట్టి వదిలేసేవారికి ఈ రక్షణ ఉండదు.

న్యూటన్ వలయాల (కటకానికీ గాజుపలకకూ మధ్య గాలిపొర వల్ల కనిపించే వెలుగు, చీకటి వలయాల) దగ్గర ఎక్కువమంది ఆగిపోయేది మధ్య మచ్చ దగ్గర. అది నల్లగా ఉండాలని పుస్తకం చెబుతుంది: కటకం, గాజుపలక తాకే చోట గాలిపొర మందం సున్నా, కింది గాజు నుంచి పరావర్తనం చెందే కాంతికి మాత్రం సగం తరంగదైర్ఘ్యం తేడా వస్తుంది. అయితే మధ్యలో ధూళి రేణువు ఉంటే మచ్చ వెలుగుగా కనిపించవచ్చు. ముందు గాజును మెత్తని గుడ్డతో తుడవండి. అప్పటికీ పోకపోతే కంగారు పడకండి. వలయాల వ్యాసాల వర్గాల మధ్య తేడాను తీసుకునేది అందుకే. మధ్యలో ఎంత ఖాళీ ఉన్నా అది తీసివేతలో పోతుంది. మైక్రోస్కోపును ఎడమవైపు 20వ వలయం దాటి తీసుకెళ్లి, అక్కడి నుంచి కుడివైపు 20వ వలయం దాకా ఒకే దిశలో తిప్పుతూ రావాలి. మధ్యలో వలయం తప్పిపోయిందని వెనక్కి తిప్పితే మరలోని వదులు రీడింగులో కలుస్తుంది, అప్పుడు మొదటి నుంచి చేయడం తప్ప దారి లేదు.

స్పెక్ట్రోమీటర్ దగ్గర టెలిస్కోపును కిటికీ బయట దూరంగా ఉన్న వస్తువు మీద సర్దిన తర్వాత దాని ఫోకస్‌ను మళ్లీ కదపకండి, రెండు వెర్నియర్‌ల రీడింగులూ తీయండి. రెండింటి సగటు తీస్తే, స్కేలు కేంద్రం, తిరిగే అక్షం ఒకటి కాకపోవడం వల్ల వచ్చే దోషం పోతుంది. ఎల్‌సీఆర్ (కాయిల్, కెపాసిటర్, నిరోధకం ఉన్న వలయం) అనునాద ప్రయోగంలో పౌనఃపున్యాన్ని సమాన అంతరాలతో పెంచుకుంటూ పోవడం కంటే, ఒకసారి వేగంగా చూసుకుని శిఖరం ఎక్కడుందో గుర్తించి దాని చుట్టుపక్కల రీడింగులు దగ్గరదగ్గరగా తీయడం మేలు.

లెక్కను అదే రోజు, వీలైతే పరికరం ఇంకా బల్ల మీద ఉండగానే చేయండి. తేడా కనిపిస్తే మళ్లీ కొలిచే అవకాశం అప్పుడే ఉంటుంది. వైవాలో (మౌఖిక పరీక్షలో) మీ విలువ పుస్తకం విలువకు ఎందుకు దూరంగా ఉందని అడిగితే, "మానవ దోషం" అనే మాట వాడకండి, అది ఏ దోషాన్నీ చెప్పదు. ఏ కొలత నుంచి ఎంత శాతం వచ్చిందో చెప్పండి. రికార్డులో చివరి వాక్యం ఇలా ఉండాలి: గురుత్వ త్వరణం 973 ± 10 సెం.మీ./సె², అనిశ్చితిలో ప్రధాన భాగం కాలం కొలవడం నుంచి వచ్చింది, 50 డోలనాలు తీసుకుని ఉంటే ఇది ± 4కు తగ్గేది.