వాలై చేపల వేట – మూడవ పాఠం: సరస్సు అడుగును వేలితో తెలుసుకోవడం

గాలపు కర్ర, రీలు, లైసెన్సు సంగతులు గత రెండు పాఠాలలో ముగిశాయి కనుక ఈసారి ఉత్తర అమెరికా మంచినీటి చేప అయిన వాలై (walleye) కోసం నేరుగా నీటి మీదికి వెళదాం. ఉదాహరణకు అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో ఉన్న మిల్ లాక్స్ సరస్సును తీసుకుంటున్నాను. దాదాపు 1,32,000 ఎకరాల మేర పరచుకొని ఉన్నా, దాని గరిష్ఠ లోతు 42 అడుగులే.

1965 నుండి మిన్నెసోటా రాష్ట్ర చేపగా ఉన్న వాలైకి, పిల్లి కంటిలో ఉన్నట్లే, కంటి వెనుక వెలుతురును తిప్పికొట్టే పొర ఉంటుంది. అందువల్ల మసక వెలుతురులో, తాను తినే పెర్చ్ చేపల కంటే అది బాగా చూడగలదు. ఆ వేళనే వేటకు బయలుదేరుతుంది. నా మొదటి వేసవిలో ఈ సంగతి తెలియక, ఎండ కాస్తున్న నడి మధ్యాహ్నం, అద్దంలా నిలిచిన నీటిలో నాలుగు గంటలు గాలం వేసి ఒట్టి చేతులతో ఇంటికి వచ్చాను. సూర్యాస్తమయానికి గంట ముందు మొదలుపెట్టి, చీకటి పడిన తరువాత మరో గంట వరకు ఉండండి. పగలే వెళ్ళవలసి వస్తే మబ్బు పట్టి, గాలికి అలలు లేచే రోజును ఎంచుకొని, గాలి తాకే ఒడ్డునే వేయండి; అలలు వెలుతురును చెదరగొడతాయి, చిన్న చేపలు కూడా అటు చేరుతుంటాయి.

ఇక జిగ్. సీసపు గుండు పోత పోసిన ఈ కొక్కెం పది అడుగుల నీటికి, గాలి లేనప్పుడు, 1/8 ఔన్సు బరువుంటే చాలు. లోతు ఇరవై అడుగులకు చేరినా, గాలి పడవను నెడుతున్నా 1/4 ఔన్సు కావాలి. నీరు చల్లగా ఉండే మే నెలలో ఎరగా చిన్న చేపపిల్లను నోటిలో నుండి గుచ్చి తల వెనుక నుండి కొక్కెం మొన తీయాలి. మరో ఎర జలగ. చల్లని నీటిలో అది ముడుచుకొని ఉండలా అయిపోతుంది కనుక దాన్ని నీరు వేడెక్కాకే వాడడం మేలు. కొక్కేన్ని జలగ వెడల్పైన కొసన, అంటే అంటుకునే వైపున, గుచ్చాలి.

జిగ్ వదిలిన తరువాత దారం సడలిందంటే అడుగు తగిలినట్లు. అప్పుడు కర్ర కొసను జానెడు పైకెత్తి, దారం బిగువు సడలకుండా, జిగ్ దిగుతున్నంతసేపూ దానితో పాటే కిందికి దించండి. కొత్తవారు ఎక్కువగా తప్పేది ఇక్కడే. ఎత్తి వదిలేస్తే దారం వదులవుతుంది. వాలై ఎక్కువగా ఎరను అందుకునేది జిగ్ దిగేటప్పుడే కాబట్టి ఆ తాకిడి మీకు తెలియనే తెలియదు. మన ఊరి చెరువులో బెండు బుడుంగున మునిగితే గాలం లాగిన అలవాటు ఇక్కడ పనికిరాదు. చూపుడు వేలి కొసన దారం ఆనించి ఉంచితే, గోటితో మీటినట్లు చిన్న ‘టిక్’ మాత్రమే తెలుస్తుంది. ఒక్కోసారి అదీ ఉండదు, ఎత్తబోతే తడి గుడ్డ తగులుకున్నట్లు బరువు మాత్రం తోస్తుంది. అనుమానం వస్తే మణికట్టుతో చిన్నగా, గట్టిగా ఎత్తండి.

తోక కింది కొస తెల్లగా ఉంటే అది వాలైయే. దాని దగ్గరి బంధువైన సాగర్‌కు ఆ తెలుపు ఉండదు. పళ్ళు వాడిగా ఉంటాయి, వీపు ముళ్ళు గుచ్చుకుంటాయి, మొప్ప మూత అంచు కూడా కోస్తుంది కనుక వల లేకుండా పడవలోకి తీయకండి. ఎన్ని, ఎంత పొడవువి ఉంచుకోవచ్చునో సరస్సును బట్టి నియమాలు వేరుగా ఉంటాయి. మిల్ లాక్స్‌లో అవి తరచూ మారుతుంటాయి కనుక బయలుదేరే ముందే చూసుకోండి.

ఈ వారం అభ్యాసానికి ఎర అక్కరలేదు. పది అడుగుల లోతులో, కళ్ళు మూసుకొని, ఒట్టి జిగ్‌ను యాభై సార్లు దించండి. రాయి మీద ‘టక్’మని తగులుతుంది, ఇసుకలో మెత్తగా ఆగుతుంది, బురదలో దిగబడి, ఎత్తేటప్పుడు కాస్త పట్టి వదులుతుంది, నాచులో చిక్కితే సాగి, తెగినట్లు ఒక్కసారి విడిపోతుంది. రాయి ముగిసి బురద మొదలయ్యే అంచు ఎక్కడ తగిలిందో గుర్తుపెట్టుకొని రండి. నాలుగవ పాఠంలో జారే బెండు కట్టి, జలగతో ఆ అంచు మీదే వేద్దాం.