సెకండ్‌హ్యాండ్ ఫిల్మ్ కెమెరా: డబ్బులిచ్చే ముందు చూసుకోవాల్సినవి

పాత ఎస్‌ఎల్‌ఆర్ (లోపలి అద్దం సాయంతో లెన్స్‌లోంచే చూసే కెమెరా) కొనేటప్పుడు అందరి కళ్లూ ముందు పైరంగు మీదికే పోతాయి. ఆ రంగుతో ఫొటోకి ఒరిగేదేమీ లేదు. సొట్టలు పడ్డ కెమెరా అంటే రోజూ పనిలో ఉన్నదని అర్థం కావచ్చు. కొత్తదానిలా మెరిసేదేమో ఏళ్ల తరబడి బీరువాలో పడుండి, లోపల నూనె జిగురు పట్టి ఉండొచ్చు. అసలు చూడాల్సింది షట్టర్‌ని (రీలు మీద వెలుతురు ఎంతసేపు పడాలో చూసుకునే తెరలు), ఆ తర్వాత లెన్స్‌ని. వెంట చిన్న టార్చి, ఫోను, కొత్త సెల్లు, టూత్‌పిక్ ఉంచుకోండి.

వెనక తలుపు తెరిచే ముందు రీవైండ్ నాబ్‌ని బాణం గుర్తు వైపు మెల్లగా తిప్పి చూడండి. బిగుతుగా తగిలితే లోపల రీలుంది, తెరవొద్దు. వదులుగా తిరుగుతుంటే నాబ్‌ని పైకి లాగితే తలుపు తెరుచుకుంటుంది.

ఇప్పుడు షట్టర్ స్పీడు 1 సెకను మీద పెట్టి, రీలు జరిపే లివర్ లాగి (వైండ్ చేసి), షట్టర్ బటన్ నొక్కండి. మెకానికల్ కెమెరాలో నెమ్మది స్పీడులన్నీ చిన్న పళ్లచక్రాల వరస మీద నడుస్తాయి. ‘జ్...’ మన్న సన్నటి చప్పుడు ఒకే తీరుగా సాగి ‘టక్’మని ఆగాలి. మధ్యలో ఈడ్చినట్టున్నా, సెకను కాస్తా రెండైనా, తెర సగంలో నిలిచిపోయినా నూనె గట్టిపడినట్టే. అమ్మేవాళ్లు పదిసార్లు టకటకా నొక్కి ‘ఇదిగో, సర్దుకుంది’ అంటారు. సర్దుకోదు. నాలుగుసార్లు కదిలేసరికి జిగురు కాస్త వదులవుతుంది, నాలుగు రోజులు పక్కన పెడితే మళ్లీ మొదటికే వస్తుంది. కాబట్టి మొట్టమొదటిసారి నొక్కినప్పుడు విన్న చప్పుడే లెక్క.

1/30, 1/60 స్పీడులను ఫోనుతో కొలవొచ్చు. లెన్స్ తీసేసి, కెమెరా ముందు వెలుతురు ఉంచి, వెనక నుంచి సెకనుకు 240 ఫ్రేముల స్లోమోషన్‌లో వీడియో తీయండి. వీడియోలో షట్టర్ చట్రం మధ్యలో ఒక చోటు ఎంచుకుని అది ఎన్ని ఫ్రేముల్లో వెలిగిందో లెక్కపెట్టండి. 1/30కి దాదాపు 8, 1/60కి 4 రావాలి. అంతకు మించిన స్పీడుకి ఈ పద్ధతి చాలదు, కన్నే గతి. 1/1000 మీద పెట్టి, తెల్లటి గోడ వైపు తిప్పి, వెనక నుంచి చూస్తూ పదిసార్లు నొక్కండి. ప్రతిసారీ చట్రమంతా సమానంగా మెరవాలి. ఒక పక్క చీకటిగా ఉండిపోతే రెండో తెర మొదటిదాన్ని దారిలోనే అందుకుంటోందన్నమాట. గుడ్డ తెరలు ఎక్కువగా అడ్డంగా నడుస్తాయి కాబట్టి చీకటి కుడికో ఎడమకో పడుతుంది. నిలువుగా నడిచే లోహపు రేకుల్లో పైనో కిందో కనిపిస్తుంది. ఇది మెకానిక్ సరిచేయాల్సిన పని, ఆ ఖర్చు ధరలోంచి తగ్గించి మాట్లాడండి. తెరనూ రేకులనూ మాత్రం వేలితో తాకకండి.

మోడల్‌ని బట్టి కొన్ని తేడాలుంటాయి. 1976లో వచ్చిన కెనాన్ ఏఈ-1 సెల్లు లేకుండా క్లిక్కే అనదు. దానికి 6 వోల్టుల సెల్లు కావాలి. నొక్కగానే ‘కీచ్’మంటే అద్దాన్ని నడిపే భాగాల్లో నూనె ఎండిపోయిందని గుర్తు. అదే ఏడాది వచ్చిన పెంటాక్స్ కే1000కి సెల్లు మీటరు (వెలుతురు కొలిచే భాగం) కోసమే. మీటరుకి స్విచ్చంటూ లేదు, లెన్స్‌కి మూత పెట్టకపోతే సెల్లు ఊరికే ఖర్చయిపోతుంది. సెల్లు అయిపోయినంత మాత్రాన మీటరు పాడైందనుకోకండి.

లెన్స్‌ని పూర్తిగా తెరిచి వెనక నుంచి టార్చి వేయండి. నాలుగు దుమ్ము రేణువులకు భయపడక్కర్లేదు. సాలెగూడులా అల్లుకున్న పోగులుంటే అది బూజు, వదిలేయండి. పొగమంచులా మసకుంటే ఎదురెండలో ఫొటోలు వెలిసిపోతాయి. అపెర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం) రేకుల మీద నూనె తడి మెరిస్తే అవి ఆలస్యంగా మూసుకుని, ఫొటోలో వెలుగు ఎక్కువైపోతుంది.

తలుపు అంచుల్లోని స్పాంజిని టూత్‌పిక్‌తో నొక్కండి. నల్ల బంకలా అంటుకుంటే మార్చాలి. ఇది పెద్ద లోపం కాదు, ఒక సాయంత్రం పని. చెక్కపుల్లతో గీకి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపి పిండిన దూదిపుల్లతో తుడిచి, గాడుల్లో నల్ల ఉన్నిదారం, కీలు దగ్గర సన్న స్పాంజి పట్టీ పెడితే సరిపోతుంది. ఆల్కహాల్ షట్టర్ మీదికి కారనివ్వకండి. అద్దం పైన ఉండే ఫోకసింగ్ స్క్రీన్‌కి అసలు తగలనివ్వకండి, ప్లాస్టిక్ పాడైపోతుంది.

సెల్లు గదిలో పచ్చటి చిలుము కొద్దిగా ఉంటే వెనిగర్ చుక్కతో పోతుంది, లోపలి తీగ దాకా పాకితే కష్టం. 1.35 వోల్టుల పాదరసం సెల్లుతో నడిచే పాత మీటర్లలో 1.5 వోల్టుల ఆల్కలైన్ వేస్తే చాలావాటి లెక్క తప్పుతుంది. 1.4 వోల్టుల జింక్-ఎయిర్ సెల్లు దగ్గరగా పనికొస్తుంది. మబ్బులేని మిట్టమధ్యాహ్నం ఎండలో ఐఎస్ఓ (ఫిల్మ్ వేగం) 200 పెడితే మీటరు f/16 అపెర్చర్‌కి 1/250 దగ్గర చూపాలి.

కొన్నాక మొదటి రీలు పరీక్షకే. ప్రతి ఫ్రేము స్పీడూ రాసుకోండి. ప్రింటులో కీలు వైపు నారింజ చార పడితే స్పాంజి సంగతి చూడండి. ప్రతి ఫొటోలో ఒకే చోట తెల్లచుక్క వస్తే గుడ్డ తెరకు చిల్లు. ఫ్రేములు ఒకదాని మీదొకటి ఎక్కితే వైండింగ్‌లో లోపం. డబ్బు తీసుకునే పనికైతే రెండో రీలు కూడా శుభ్రంగా వచ్చాకే, అదీ ఇంకో కెమెరా పక్కన పెట్టుకుని వెళ్లండి.