ఎండలు ముదరకముందే: ఎంఎస్ ఉన్నవారు మూత్ర, దాంపత్య సమస్యల్లో తీసుకోవలసిన జాగ్రత్తలు

మెదడు, వెన్నుపాముల్లోని నరాల పైపొర దెబ్బతినే జబ్బు మల్టిపుల్ స్క్లెరోసిస్, అంటే ఎంఎస్. ఇది ఉన్నవారిలో ఒంటి వేడి అర డిగ్రీ సెల్సియస్ పెరిగినా, పైపొర దెబ్బతిన్న నరాల్లో సంకేతాలు మందగించి, చూపు మసకబారడం, కాళ్లు బరువెక్కడం, మూత్రం ఆపుకోలేకపోవడం వంటివి ఎక్కువ కావచ్చు. ఒళ్లు చల్లబడితే తగ్గుతాయి. జర్మన్ నేత్రవైద్యుడు విల్‌హెల్మ్ ఊట్‌హాఫ్ 1890లోనే దీనిని వర్ణించారు. రెంటచింతల, రామగుండం వంటి చోట్ల ఎండలు 45 డిగ్రీలను తాకే కాలానికి మార్చిలోనే సిద్ధపడాలి.

బయట మరుగుదొడ్డి దొరకదన్న భయంతో, ముఖ్యంగా ఆడవారు, నీళ్లు తాగడం మానేస్తుంటారు. నా దృష్టిలో వేసవిలో జరిగే అతి పెద్ద పొరపాటు ఇదే. మూత్రం చిక్కబడితే మూత్రాశయం ఇంకా చికాకుపడుతుంది, మలబద్ధకం తోడవుతుంది, ఇన్ఫెక్షన్‌కు దారి ఏర్పడుతుంది. గుండె, కిడ్నీ జబ్బులు లేనివారు రోజుకు ఒకటిన్నర నుంచి రెండు లీటర్లకు తగ్గకుండా తాగి, టీ, కాఫీలు తగ్గించి, పడుకునే ముందు రెండు మూడు గంటలు మాత్రం మితంగా ఉండాలి.

మూత్రం పోసిన తరువాత లోపల ఎంత మిగులుతోందో స్కానింగ్‌లో చూపించుకోవాలి. సుమారు 100 మిల్లీలీటర్లకు మించి మిగులుతుంటే, శుభ్రమైన సన్నని గొట్టంతో ఎవరికి వారే మూత్రం తీసుకునే పద్ధతిని వైద్యులు నేర్పవచ్చు. మూత్రం ఆపుకోలేనివారికి ఇచ్చే ఆక్సిబ్యూటినిన్, సాలిఫెనాసిన్ వంటి మాత్రలు చెమటను తగ్గించి వడదెబ్బ ముప్పును పెంచుతాయి కనుక, సొంతంగా ఆపకుండా, ఎండలకు ముందే వాటి గురించి వైద్యుడితో మాట్లాడాలి. జ్వరంతో గానీ, మూత్రం మురికిగా, వాసనగా మారడంతో గానీ కాళ్ల బలహీనత హఠాత్తుగా పెరిగితే, జబ్బు తిరగబెట్టిందనుకుని స్టెరాయిడ్ మొదలుపెట్టకముందే, ఇన్ఫెక్షన్ ఉందేమోనని మూత్ర పరీక్ష చేయించాలి. కడుపు ఉబ్బి మూత్రం అసలు రాకపోతే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఇక దాంపత్యం. స్పర్శ మొద్దుబారడం, అంగస్తంభన లేకపోవడం, యోని పొడిబారడం నరాల దెబ్బ వల్ల వచ్చేవే తప్ప, ప్రేమ తగ్గినందువల్ల కాదు. భార్యాభర్తలిద్దరూ ఈ మాట పైకి అనుకోవడం మందుతో సమానం. అలసట తక్కువగా ఉండే తెల్లవారుజామున, గది చల్లబరచుకుని, ముందుగా మూత్రం పోసివస్తే చాలావరకు ఇబ్బంది తప్పుతుంది. పొడిబారితే నీటి ఆధారిత జెల్ వాడవచ్చు. అంగస్తంభనకు వాడే సిల్డెనాఫిల్ మాత్రను మాత్రం డాక్టరు చీటీ లేకుండా కొనకూడదు. ఛాతీనొప్పికి సార్బిట్రేట్ వంటి నైట్రేట్ మందులు వాడేవారు దానిని వేసుకుంటే రక్తపోటు ప్రాణం మీదికి వచ్చేంతగా పడిపోతుంది. నోటితో చెప్పడానికి సిగ్గనిపిస్తే, ఈ ఇబ్బందులను కాగితం మీద రాసి న్యూరాలజిస్టు చేతికివ్వండి.