రియాక్ట్‌లో పాపప్ విండోలు, 3వ భాగం: ఓపెన్ ఎక్కడ, క్లోజ్ ఎక్కడ

పోయిన భాగంలో పోర్టల్ చూశాం కదా, కాంపొనెంట్ ట్రీలో ఒకచోట ఉంటూ డామ్‌లో (అంటే బ్రౌజర్ చూపే పేజీ నిర్మాణంలో) ఇంకోచోట రెండర్ అవ్వడం, రియాక్ట్ 16లో వచ్చింది అది. ఇప్పుడు ఆ ఇంకోచోటు వేరే బ్రౌజర్ విండోలో ఉంటే ఎలాగో చూద్దాం.

చాలామంది పాపప్ అని ఒక కాంపొనెంట్ రాసేసి దాని యూజ్‌ఎఫెక్ట్‌లో (కాంపొనెంట్ తెరమీదకి వచ్చాక నడిచే కోడ్) విండో డాట్ ఓపెన్ పెట్టేస్తారు. చూడ్డానికి నీట్‌గానే ఉంటుంది కానీ నాకైతే అస్సలు నచ్చదు. రియాక్ట్ 18 నుంచి డెవలప్‌మెంట్‌లో స్ట్రిక్ట్ మోడ్ (తప్పులు ముందే బయటపెట్టే రియాక్ట్ అదనపు తనిఖీ) ఆన్‌లో ఉంటే మౌంట్ అవ్వగానే ఎఫెక్ట్ రన్ అయ్యి, క్లీనప్ (ఎఫెక్ట్ చేసిన పనిని వెనక్కి తీసేసే కోడ్) అయ్యి, మళ్ళీ రన్ అవుతుంది, అంటే విండో వస్తుంది, మూసుకుంటుంది, రెండోసారి తెరవబోతే బ్రౌజర్ పాపప్ బ్లాకర్ అడ్డుపడొచ్చు. బ్లాకర్ చూసేది యూజర్ ఇప్పుడే క్లిక్ చేశాడా లేదా అన్నదే, ఒక క్లిక్‌కి ఒక విండో ఇచ్చి ఊరుకుంటుంది. సర్వర్ డేటా కోసం అవెయిట్ చేసి తర్వాత తెరిస్తే కూడా ఇదే గొడవ, సఫారీ ఈ విషయంలో ఇంకా స్ట్రిక్ట్.

అందుకే ఆన్‌క్లిక్ ఫంక్షన్‌లో మొదటి లైనే విండో డాట్ ఓపెన్ ఉండాలి. దానికి మొదట ఇచ్చే యూఆర్ఎల్ ఖాళీ స్ట్రింగ్, తర్వాత విండోకి ఒక పేరు, మూడోది విడ్త్ 480, హైట్ 600 లాంటివి. పేరు తప్పకుండా ఇవ్వండి, బటన్ మళ్ళీ నొక్కితే కొత్తది రాకుండా ఉన్నదే వాడుకుంటుంది. మూడోదాంట్లో నోఓపెనర్ (రెండు విండోల మధ్య లింక్ తెంపే ఆప్షన్) మాత్రం పెట్టొద్దు, పెడితే విండో తెరుచుకున్నా మన చేతికి నల్, అంటే ఖాళీ విలువ, వస్తుంది. అది పెట్టకపోయినా నల్ వచ్చిందంటే బ్లాక్ అయినట్టు, అప్పుడు బటన్ కిందే ఒక మెసేజ్ చూపించండి. విండో వస్తే దాన్ని యూజ్‌స్టేట్‌లో పెట్టి, దాని డాక్యుమెంట్ బాడీలోకి క్రియేట్‌పోర్టల్ చేసేయండి. కాంటెక్స్ట్, స్టేట్ అన్నీ మామూలుగానే పనిచేస్తాయి, డేటా ఫెచ్ తర్వాత తాపీగా చేసుకోవచ్చు.

ఇక క్లోజ్. యూజర్ ఇంటూ మార్క్ నొక్కి మూసేస్తే రియాక్ట్‌కి ఏం తెలీదు, మన స్టేట్‌లో చచ్చిన విండో అలాగే ఉంటుంది. అరసెకనుకోసారి ఇంటర్వల్‌తో ఆ విండో క్లోజ్డ్ ప్రాపర్టీ చూసి, ట్రూ అయితే స్టేట్‌ని నల్ చేయండి, మోటు పద్ధతే గానీ నమ్మొచ్చు. ఈ ఇంటర్వల్‌ని ఎఫెక్ట్‌లో పెట్టండి, క్లీనప్‌లో ఇంటర్వల్ ఆపడం, విండో మూయడం రెండూ. ఆ ఎఫెక్ట్ బటన్ ఉన్న కాంపొనెంట్‌లోనే ఉండాలి, ఎందుకంటే మౌంట్ టైంలో అక్కడ విండో ఇంకా నల్, కాబట్టి స్ట్రిక్ట్ మోడ్ రెండుసార్లు రన్ చేసినా ఏం కాదు. పేజీ రిఫ్రెష్ చేస్తే మాత్రం క్లీనప్ రన్ అవ్వదు, పాపప్ అనాథలా మిగిలిపోతుంది, దానికి మెయిన్ విండో మీద పేజ్‌హైడ్ (పేజీ నుంచి వెళ్ళిపోయేటప్పుడు వచ్చే ఈవెంట్) లిజనర్ పెట్టి అక్కడా క్లోజ్ చేయాలి.

ఇంతవరకు రాసి నడిపి చూడండి, లోపల టెక్స్ట్ రంగూ ఫాంటూ లేకుండా బోడిగా వస్తుంది, కంగారు పడకండి, మీ సీఎస్ఎస్ అంతా మెయిన్ పేజీ హెడ్‌లోనే ఉండిపోయింది. స్టైల్, లింక్ ట్యాగుల్ని పాపప్‌లోకి కాపీ చేయడం 4వ భాగంలో.