అమెరికా గుమ్మడితో మన పులుసు: తిరుపతి, చిత్తూరు నుంచి కొత్తగా వెళ్ళినవారికి

మన తిరుపతి, చిత్తూరు వైపు నుంచి చదువుకని వెళ్ళే పిల్లలు ఎక్కువగా ఆగస్టులో అమెరికాలో దిగుతారు. గది కుదిరి, కాలేజీ దారి అలవాటయ్యేసరికి సెప్టెంబరు నెల సగమవుతుంది. అప్పుడు ఏ అంగడి ముందు చూసినా పెద్ద పెద్ద అట్టపెట్టెల్లో నారింజరంగు గుమ్మడికాయలే. చూడగానే ఇంటి పులుసు, సంగటి గుర్తొస్తాయి. తొందరపడి ఆ కాయ కొనకండి.

నేను అక్కడున్న మొదటి ఏడు మహాలయ అమావాస్యకు అదే కొన్నాను. పెద్దలకు పెట్టే పూట గుమ్మడికాయ పులుసు లేకుండా మా ఇంట్లో ఎప్పుడూ జరగలేదు. కాయ కోస్తే లోపల కండ పలచగా, అంతా పీచు. ఉడికించాక నీళ్ళు వదిలింది, ఎంత బెల్లం వేసినా రుచి పట్టలేదు. పెద్దల ముందు అలాంటి పులుసు పెట్టవలసి వచ్చిందన్న బాధ నాకు చాలా రోజులుంది.

తప్పు చేతిది కాదు, కాయది. అక్టోబరు 31న హాలోవీన్ పండగకు ముఖాలు చెక్కి లోపల దీపం పెట్టడానికి పండించే రకం అది. మన తీపి గుమ్మడికి అసలైన చుట్టం అంగడి లోపల, ఉర్లగడ్డలు ఎర్రగడ్డల పక్కన ఉంటుంది. పేరు బటర్‌నట్ స్క్వాష్. లేత గోధుమరంగులో, పైన సన్నగా కింద బుర్రగా, సొరకాయ వాటంగా కనిపిస్తుంది. గుమ్మడి అనిపించదు కానీ మన ఊరి గుమ్మడిదీ దీనిదీ ఒకే జాతి, కుకుర్బిటా మొస్కాటా. చెక్కే కాయది వేరే జాతి. బటర్‌నట్ దొరకకపోతే ముదురాకుపచ్చ తోలుండే జపాను గుమ్మడి, కబోచా, తీసుకోండి. అది చిలగడదుంపలా పొడిగా, తియ్యగా ఉంటుంది. వేపుడుకు నాకు అదే ఇష్టం. తోలు తియ్యక్కర్లేదు, మెత్తగా ఉడుకుతుంది.

డబ్బాలో వచ్చే గుమ్మడి గుజ్జుతో హల్వా, బూరెల్లోకి పూర్ణం బాగా కుదురుతాయి. కొనేముందు డబ్బా మీద చదవండి. పంప్కిన్ ప్యూరే అని ఉంటే ఉత్త గుజ్జు. పంప్కిన్ పై (pie) ఫిల్లింగ్ అని ఉంటే అందులో చక్కెర, దాల్చినచెక్క, జాజికాయ ముందే కలిపి ఉంటాయి, మన వంటకు పనికిరాదు.

ఇక పులుసు. బటర్‌నట్ గట్టి కాయ, గదిలో ఉండే చిన్న కత్తితో కోస్తే చెయ్యి తెగుతుంది. తోలుకు నాలుగైదు చోట్ల గాట్లు పెట్టి మైక్రోవేవ్‌లో రెండు మూడు నిమిషాలు ఉంచితే మెత్తబడుతుంది. చెక్కు తీసేటప్పుడు జిగురు కారి అరచేతులు బిగుసుకుపోయినట్టవుతాయి, ముందుగా కాస్త నూనె రాసుకోండి. ఒక చిన్న ముక్క నాలుక మీద పెట్టి చూడండి. చేదుగా ఉంటే కాయంతా పారెయ్యండి. గుమ్మడి జాతిలో ఆ చేదు విషం, ఉడికించినా పోదు.

అరకిలో ముక్కలకు నిమ్మకాయంత చింతపండు చాలు. మన ఊళ్ళో ముక్క ఉడికాక పులుసు పోస్తాం. బటర్‌నట్‌కు అలా చేస్తే ముక్క చితికి గుజ్జవుతుంది. తిరగవాతలో ఎర్రగడ్డలు, పచ్చిమిరపకాయలు మగ్గాక ముక్కలూ చింతపండు పులుసూ కలిపే పొయ్యండి. పులుపులో ముక్క విడిపోకుండా నిలుస్తుంది. ఉప్పు, పసుపు, కారం వేసి పది పన్నెండు నిమిషాలు ఉడకనిచ్చి, గరిటె ఎక్కువ తిప్పకుండా, చివర్లో బెల్లం, నీళ్ళలో కలిపిన చెంచాడు బియ్యప్పిండి వెయ్యండి. బెల్లం మనం వేసేదాంట్లో సగమే వేసి రుచి చూడండి, ఆ కాయ తీపి ఎక్కువ. ఎండుమిరపకాయలు వేగే ఘాటుకు పొగ అలారం మోగుతుంది కాబట్టి ముందే కిటికీ తెరవండి.

ఇళ్ళ గుమ్మాల ముందు అలంకారానికి పెట్టిన కాయలు, చెక్కినవీ రంగు వేసినవీ, పండగయ్యాక ఎవరైనా ఇచ్చినా వండకండి. రోజుల తరబడి బయట ఉండి లోపల బూజు పడతాయి. మీరే చెక్కితే ఆ రోజే గింజలు తీసి కడిగి, ఆరబెట్టి, ఉప్పు కారం పట్టించి పెనం మీద వేయించుకోండి. శెనక్కాయల్లా నములుకోవచ్చు.

పెరుగుపచ్చడికి బూడిదగుమ్మడి కావాలంటే చైనావాళ్ళ అంగట్లో వింటర్ మెలన్ అని అడగండి, ముక్కగా కోసి ఇస్తారు.

కోసిన బటర్‌నట్ ఫ్రిజ్‌లో నాలుగైదు రోజులే ఉంటుంది. కొయ్యని కాయను ఫ్రిజ్‌లో పెట్టవద్దు. నవంబరు నాలుగో గురువారం వచ్చే థాంక్స్ గివింగ్ సమయంలో తొడిమె ఊడనివి రెండు కొని, చల్లగా, పొడిగా ఉండే మూలన పెట్టండి. మెత్తబడిన మచ్చ ఉందేమో వారానికోసారి తిప్పి చూస్తుంటే సంక్రాంతి దాకా నిలుస్తాయి. ఆ రోజు కలగూరలోకి చిలగడదుంప అక్కడ దొరుకుతుంది. అనపగింజలకు ఇండియన్ స్టోరులో ఫ్రీజరు తెరిచి సుర్తీ పాప్డీ లిల్వా అని రాసిన పొట్లం వెతకండి. తువర్ లిల్వా అని ఉంటే అవి పచ్చికందులు.