ఆఫీసు సైకిల్‌తోనే మట్టిబాట: ఎక్కడ తేడా కొడుతోంది, ఏం మార్చాలి?

సోమవారం నుంచి శుక్రవారం దాకా మియాపూర్–గచ్చిబౌలి మధ్య తారు, సిమెంటు రోడ్లు. ఆదివారం వస్తే గండిపేట అవతల మొరం బాటలో, వికారాబాద్ వైపు పొలాల దారులో. రెంటికీ ఒకే సైకిల్. ఇలా వాడేవాళ్లకి తిప్పలు మొదలైతే చెయ్యి ముందు పర్సు మీదకి పోతుంది: కొత్త గేర్లు, కొత్త ఫోర్కు, కొత్త చక్రాలు. నిజానికి ఈ రకం ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం టైరు వెడల్పు దగ్గరో, అందులో ఉన్న గాలి దగ్గరో తేలిపోతాయి. అందుకే వరస ఇలా పెట్టాను: ముందు ట్యూబు, గాలి, తర్వాత టైరు, ఆ తర్వాతే మిగతా సామాను.

పదే పదే పంచర్లు

పాడైన ట్యూబుని పారేయకండి, సాక్ష్యం దాంట్లోనే ఉంది. విప్పే ముందు వాల్ (గాలి కొట్టే మూతి) టైరులో ఎక్కడుందో సుద్దముక్కతో గుర్తు పెట్టుకోండి. తర్వాత గాలి కొట్టి బకెట్ నీళ్లలో ముంచండి. బుడగలు ఎక్కణ్నుంచి వస్తున్నాయన్నదే అసలు సంగతి.

రోడ్డు వైపు ఒకటే సన్నటి చిల్లు ఉంటే బయట నుంచి ఏదో గుచ్చుకుంది. పెద్ద రోడ్ల మీద చాలాసార్లు అది లారీ టైరు పేలినప్పుడు రాలిన ఉక్కు తీగ. వెంట్రుకంత సన్నం, కంటికి ఆనదు. మట్టిబాటలో అయితే పల్లేరు కాయ, లేకపోతే సర్కారు తుమ్మ ముల్లు. టైరు లోపల వేలితో తడిమితే వేలే తెగుతుంది. పాత బనియను ముక్కని లోపల చుట్టూ తిప్పండి. తీగో ముల్లో ఉన్నచోట గుడ్డ పట్టుకుంటుంది. పట్టకారుతో లాగెయ్యాలి. ఈ పని చెయ్యకుండా కొత్త ట్యూబు వేస్తే సాయంత్రానికి అదే చోట ఇంకో పంచరు.

ఇది నెలకి రెండు మూడుసార్లు జరుగుతుంటే అప్పుడు టైరు మార్చే ఆలోచన చెయ్యండి. దారులు రెండున్నాయి. ఒకటి, లోపల మందపాటి రక్షణ పొర ఉన్న టైరు. ష్వాల్బే మారథాన్ ప్లస్ లాంటి దాంట్లో ఈ పొర 5 మిల్లీమీటర్లు ఉంటుంది, చిన్న తీగలు దాన్ని దాటి ట్యూబు దాకా రాలేవు. బరువు ఎక్కువ, తొక్కుతుంటే కాస్త మొద్దుగా అనిపిస్తుంది. రెండోది ట్యూబ్‌లెస్: ట్యూబు లేకుండా టైరులోనే సీలెంట్ ద్రవం పోస్తారు, చిల్లు పడగానే అదే పూడుకుంటుంది. 40 మిల్లీమీటర్ల టైరుకి 60 నుంచి 90 మిల్లీలీటర్లు పడుతుంది.

ఏది ఎంచుకోవాలి? ఊళ్లోనే ఎక్కువ తిరిగేవాళ్లకి నా ఓటు రక్షణ పొర ఉన్న టైరుకే. చెడితే ఏ పంచరు షాపులోనైనా పని జరుగుతుంది. పల్లేరు పుష్కలంగా ఉన్న చోట, అనంతపురం చేలగట్ల మీదలాంటి చోట, ట్యూబ్‌లెస్ లేకుండా దిగొద్దు. అక్కడ ఒకే టైరులో ఒకేసారి పది ముళ్లు దిగుతాయి, ట్యూబుకి ఎన్ని ప్యాచీలని వేస్తారు? కానీ మన ఎండలకి సీలెంట్ ఎండిపోతుంది. ఎండాకాలంలో రెండు నెలలకోసారి చూసి పోయకపోతే లోపల రబ్బరు ఉండలు తప్ప ఏమీ మిగలదు. రిమ్ కూడా ట్యూబ్‌లెస్‌కి తయారుచేసినదే అయ్యుండాలి. మామూలు రిమ్‌కి టేపు చుట్టి నెట్టుకొచ్చే ప్రయోగాలు వద్దు. ఒక మామూలు ట్యూబు మాత్రం ఎప్పుడూ సంచిలో ఉంచుకోండి.

పక్కపక్కనే రెండు చిల్లులు ఉంటే ముల్లు తప్పేమీ లేదు. గాలి తక్కువైంది, గుంతలో పడ్డప్పుడు రిమ్ అంచుకీ నేలకీ మధ్య ట్యూబు నలిగింది. దీన్నే పాము కాటు అంటారు. 28 మిల్లీమీటర్ల టైర్లతో మొరం బాట ఎక్కేవాళ్లకి ఇది నిత్యకృత్యం. గాలి పెంచితే ఆగుతుంది, కానీ ఒళ్లు హూనం అవుతుంది. వెడల్పు టైరే సరైన మందు.

రిమ్ వైపు చిల్లు పడితే రిమ్ టేపు పక్కకి జరిగింది, లేదా స్పోకు రంధ్రం అంచు కోస్తోంది. రిమ్ లోపలి వెడల్పుకి సరిపోయే గుడ్డ టేపు వెయ్యండి. సాగిపోయే సన్నటి రబ్బరు పట్టీ మీద నమ్మకం పెట్టుకోవద్దు.

వాల్ మొదట్లో తెగితే రిమ్ రంధ్రం చూడండి. కారు తరహా లావు వాల్‌కి 8.5 మిల్లీమీటర్ల రంధ్రం ఉంటుంది, సన్నటి ప్రెస్టా వాల్‌కి 6.5. లావు రంధ్రంలో సన్న వాల్ పెడితే అది అటూ ఇటూ కదిలి మొదట్లో తెగుతుంది. సన్న వాల్ కోసం చిన్న అడాప్టరు రింగు దొరుకుతుంది. ప్రెస్టా వాల్ ఉన్నవాళ్లు పెట్రోలు బంకులోనో పంచరు షాపులోనో గాలి కొట్టించుకోవడానికి ఇత్తడి అడాప్టరు ఒకటి తాళాల గుత్తికి తగిలించుకోవడం మంచిది.

ఎక్కడా చిల్లు లేదు, అయినా వారంలో మెత్తబడుతోందా? అది రోగం కాదు. రబ్బరు ట్యూబులోంచి గాలి కొద్దికొద్దిగా పోతూనే ఉంటుంది. వారానికోసారి పంపు కొట్టాల్సిందే.

ఎండలో పెడితే ట్యూబు పేలుతుందన్న భయం మాత్రం కాస్త ఎక్కువే. 25 డిగ్రీల దగ్గర 60 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) ఉన్న టైరు 45 డిగ్రీలకి చేరితే గాలి 65 దగ్గరికి వెళ్తుంది, అంతే. పార్కింగులో నిలబెట్టిన టైరు పేలిందంటే ముందు చూడాల్సింది టైరు అంచు రిమ్‌లో సరిగా కూర్చుందా లేదా, పక్కగోడ పగుళ్లిచ్చిందా అన్నది.

చేతులు తిమ్మిరెక్కడం, మొరం బాటలో పళ్లు కొట్టుకోవడం

చాలామంది టైరు పక్కన రాసి ఉన్న గరిష్ఠ అంకె చూసి అంతా కొట్టిస్తారు. అది దాటకూడని గీత మాత్రమే. పంచరు షాపు కంప్రెసరు దాన్ని కూడా అవలీలగా దాటిపోతుంది, కాబట్టి గేజి ఉన్న ఫ్లోర్ పంపు ఒకటి ఇంట్లో ఉండాలి. ఈ సైకిల్‌కి కొనే సామాన్లలో మొదటిది అదే.

70–75 కిలోల మనిషికి, వెనక ల్యాప్‌టాప్ బ్యాగు ఉంటే, ట్యూబు ఉన్న టైర్లలో సుమారుగా ఇలా మొదలుపెట్టండి:

28 మి.మీ.: ముందు 70, వెనక 75 పీఎస్ఐ
32 మి.మీ.: ముందు 55, వెనక 62
35 మి.మీ.: ముందు 47, వెనక 53
40 మి.మీ.: ముందు 37, వెనక 42

బరువు ఎక్కువైతే పెంచండి, తక్కువైతే తగ్గించండి. మొరం బాట ఎక్కేముందు రెండింట్లోనూ ఓ నాలుగైదు పీఎస్ఐ వదిలెయ్యండి. రిమ్ నేలకి తగిలినట్టు టక్కుమంటే మరీ తగ్గించినట్టు. రిమ్ హుక్‌లెస్ రకమైతే (టైరు అంచుని పట్టుకునే లోపలి వంపు లేనిదైతే) ఎట్టి పరిస్థితుల్లోనూ 72 పీఎస్ఐ దాటొద్దు, 5 బార్ల పరిమితి అక్కడే ఉంది. ఒక్కో రిమ్‌కీ టైరుకీ అంతకన్నా తక్కువే రాసి ఉంటుంది, అప్పుడు దానికే కట్టుబడండి.

ఇంత చేశాకా చేతులు తిమ్మిరెక్కుతుంటే సీటు మరీ ముందుకి వంగి ఉందేమో చూడండి. స్ప్రింగు ఫోర్కు కొనకండి. చవకరకం ఫోర్కు ఒక్కటే రెండు కిలోల పైన తూగుతుంది. టైరులో అయిదు మిల్లీమీటర్లు పెంచితే వచ్చే సుఖం దాంతో రాదు.

కొత్త టైరు ఎక్కడం లేదు, ఎక్కినా ఫ్రేముకి రాసుకుంటోంది

28 అంగుళాలు, 29, 700సీ అని పెట్టె మీద రకరకాలుగా రాస్తారు. వాటిని పక్కన పెట్టి టైరు పక్కగోడ మీద చిన్న అక్షరాల్లో ఉండే రెండు అంకెలు చదవండి: 35-622 అంటే వెడల్పు 35, రిమ్ మీద కూర్చునే వ్యాసం 622 మిల్లీమీటర్లు. ఆ 622 కలిసిందా, ఎక్కుతుంది. 27.5 అంగుళాలది 584, పాత ఎంటీబీల (కొండదారి సైకిళ్ల) 26 అంగుళాలది 559. ఇవి ఒకదానికొకటి ఎక్కవు.

వెడల్పు సంగతి ఫ్రేము చూసుకుంటుంది. గాలి నిండిన టైరుకీ ఫ్రేముకీ మధ్య అన్ని వైపులా కనీసం 6 మిల్లీమీటర్లు ఖాళీ ఉండాలి, మడ్‌గార్డుంటే ఇంకా ఎక్కువ. రిమ్ వెడల్పైతే అదే 38 టైరు 40కి కూడా పొంగుతుంది, ఆ లెక్కా వేసుకోండి. వానాకాలంలో నల్లరేగడి దారిలో దిగేవాళ్లకి ఆ ఆరు మిల్లీమీటర్లు ఏ మూలకీ చాలవు. ఎర్రమట్టి రాలిపోతుంది. రేగడి మాత్రం ఫ్రేముకీ టైరుకీ మధ్య పేరుకుని చక్రాన్నే ఆపేస్తుంది. పుల్లతో గీకి, సైకిల్ భుజాన వేసుకుని నడవడమే. దానికి ఏ టైరూ పరిష్కారం కాదు; దారి మార్చండి.

తారు మీద మొద్దుగా పోతోంది, మట్టిలో జారుతోంది

పెద్ద ముళ్ల టైరు తారు మీద గుర్రుమంటూ అరుగుతుంది. నున్నటి టైరు వదులు కంకర మీద మలుపులో జారుతుంది. రెండూ ఒకే టైరులో కావాలంటే మధ్యభాగం నున్నగా, పక్కల చిన్న గుబ్బలు ఉన్నదో, అంతటా చిన్న గుబ్బలు దగ్గరదగ్గరగా ఉన్నదో తీసుకోండి. ష్వాల్బే జీ-వన్ ఆల్‌రౌండ్ లాంటివీ, పానరేసర్ గ్రావెల్‌కింగ్‌లో చిన్న గుబ్బల రకమూ ఈ రెండో కోవలోవే. తడి తారు మీద పట్టుకి గుబ్బలతో పని లేదు. సైకిల్ టైరు సన్నం, వేగం తక్కువ, కాబట్టి కారులాగా నీటి మీద తేలదు. అక్కడ పట్టు ఇచ్చేది రబ్బరు రకమూ, తగుమాత్రం గాలీ. ఇంకో మాట: మీరు వారంలో తొక్కేదాంట్లో తొంభై పాళ్లు తారే అయితే తారు టైరే కొనండి, 38 వెడల్పులో. యూట్యూబులో చూసిన కొండదారి కోసం టైరు కొని ఫ్లైఓవర్ మీద అరగదీయడం దండగ.

ఎత్తు ఎక్కడం లేదు, మోకాళ్లు నొప్పులు

రోడ్డు సైకిళ్లకి ముందు 50/34 (రెండు చక్రాలకి 50, 34 పళ్లు), వెనక 11–28 పళ్లు మామూలు. అందులో అతి తేలిక గేరు 34/28, అంటే ముందు 34, వెనక 28. నిమిషానికి 60 తిప్పులు తిప్పినా గంటకి 9.5 కిలోమీటర్లు పోవాలి. అనంతగిరి ఎత్తులోనో కైలాసగిరి రోడ్డు మీదో సంచితో అది సాధ్యం కాదు, మోకాలు మీద పడుతుంది. వెనక 11–34 క్యాసెట్ (గేరు చక్రాల గుత్తి) వేస్తే 34/34, అంటే అదే తొక్కుడుకి 7.8 కిలోమీటర్లు. షిమానో 2019లో మట్టిబాట సైకిళ్ల కోసం తెచ్చిన జీఆర్ఎక్స్ గేర్ల వరసలో ముందు 46/30 ఉంది, దాంతో 7 లోపలికి వస్తుంది. మీ హైబ్రిడ్‌కి (తిన్నటి హ్యాండిల్ ఉన్న ఊరి సైకిల్‌కి) ముందు మూడు చక్రాలుంటే ఖర్చుతో పని లేదు, లోపలి చిన్న చక్రం వాడండి. చాలామంది దాన్ని ముట్టుకోనే ముట్టుకోరు.

పెద్ద క్యాసెట్ వేసేముందు వెనక డిరేలరు (చైనుని గేరు నుంచి గేరుకి జరిపే భాగం) ఎన్ని పళ్ల దాకా ఓపగలదో చూసుకోవాలి. చైను కూడా పొడవు పెరగాలి. రోడ్డు షిఫ్టరుకి (హ్యాండిల్ మీది గేరు లివరుకి) ఎంటీబీ డిరేలరు తగిలించే ముందు ఇంకో జాగ్రత్త: షిమానోలో తొమ్మిది గేర్ల దాకా అవి కలుస్తాయి, పది నుంచి కలవవు. కలవనివి తగిలిస్తే గేరు ఒకచోట పడి ఇంకోచోట తప్పుతుంది, ఎంత సర్దినా కుదరదు.

చైను జారడం, గేరు దానంతటదే మారడం

కొత్త సామాను కన్నా ముందు స్కేలు తీయండి. చైను పిన్ను దగ్గర సున్నా పెట్టి 12 అంగుళాల దగ్గర చూడండి. కొత్త చైనులో అక్కడ సరిగ్గా పిన్ను ఉంటుంది. అంగుళంలో పదహారో వంతు దాటితే చైను మార్చే వేళైంది. ఎనిమిదో వంతు దాటితే క్యాసెట్ కూడా పోయింది, కొత్త చైను ఒక్కటే వేస్తే ఇంకా జారుతుంది. చైను బాగుండి గేరు తప్పుతుంటే కేబులు మురికి, లేదా సైకిల్ కుడివైపు పడ్డప్పుడు వంగిన డిరేలరు హ్యాంగరు (డిరేలరుని ఫ్రేముకి పట్టి ఉంచే ముక్క). వెనక నుంచి చూస్తే డిరేలరు చక్రాలు క్యాసెట్‌కి సమంగా ఉండవు. దాన్ని చేత్తో వంచొద్దు, గేజి ఉన్న మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లండి.

బ్రేకు లివరు హ్యాండిల్ దాకా వచ్చేస్తోంది

హైబ్రిడ్‌కి వంపు హ్యాండిల్ తగిలించి గ్రావెల్ బైక్ (మట్టిబాట సైకిల్) చేసుకున్నవాళ్ల దగ్గర ఇది తరచూ చూస్తాను. వీ-బ్రేకుకి (రిమ్‌ని రెండు పక్కల నుంచి నొక్కే బ్రేకుకి) కేబులు ఎక్కువ పొడవు లాగే లివరు కావాలి, మామూలు రోడ్డు లివరు అంత లాగదు. వీ-బ్రేకుకి సరిపడే డ్రాప్ లివర్లు విడిగా ఉన్నాయి, లేకపోతే చిన్న వీ-బ్రేకులు వేసుకోవాలి. డిస్కు అయితే ప్యాడు చూడండి. రాపిడి పొర అర మిల్లీమీటరుకి వచ్చిందంటే మార్చాలి. వానల్లో బురద తొక్కితే ప్యాడ్లు ఊహించనంత వేగంగా అరుగుతాయి. మెటల్ రకం ఎక్కువ కాలం నిలుస్తాయి, కాస్త అరుస్తాయి. రోటరు (డిస్కు బ్రేకు పళ్లెం) ఎప్పుడూ కీచుమంటుంటే చైనుకి కొట్టిన స్ప్రే ఆయిలు దాని మీద పడిందేమో. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. ప్యాడు నూనె తాగేసి ఉంటే మార్చడమే.

వెనక చక్రంలో స్పోకులు తెగడం, ఇరుసు వంగడం

బరువులో ఎక్కువ భాగం వెనక చక్రం మీదే ఉంటుంది. క్యారియర్ మీద సంచి పెడితే ఇంకా. తెగేది చాలాసార్లు గేర్ల వైపు స్పోకే. ఒకటి తెగితే అది మార్చి, మిగతావాటి బిగువు సరిచేయించండి. మూడు తెగాయంటే చక్రమంతా కొత్త స్పోకులతో అల్లించడమే చవక. 7 గేర్ల చవక సైకిళ్లలో ఫ్రీవీల్ (చక్రం మధ్యన మర తిప్పి బిగించే గేర్ల గుత్తి) ఉంటుంది. అందులో బేరింగు ఫ్రేముకి దూరంగా కూర్చుంటుంది కాబట్టి గుంతల్లో ఇరుసు వంగుతుంది. ఇది రెండోసారి జరిగితే ఇరుసు మార్చించడం ఆపి, క్యాసెట్ ఎక్కే ఫ్రీహబ్ చక్రం తీసుకోండి, 36 స్పోకులది దొరికితే మరీ మంచిది. కొనేముందు మీ డిస్కు రోటరు ఆరు బోల్టులదో సెంటర్‌లాకో, ఇరుసు క్విక్ రిలీజ్ రకమో త్రూ యాక్సిలో ఒక ఫొటో తీసుకుని దుకాణంలో చూపించండి.