ట్రెక్కింగ్‌కి వంటగిన్నె ఎలా ఎంచుకోవాలి

ఒక్కరికైతే లీటరు గిన్నె, ఇద్దరికైతే లీటరున్నర. అంతకు మించితే అనవసరపు బరువు. అడుగు వెడల్పు 12 సెంటీమీటర్ల దాకా ఉంటే మంట గిన్నె కిందే ఉంటుంది. సన్నగా, పొడుగ్గా ఉంటే పక్కలకు పోయి గ్యాస్ వృథా.

లోహం దగ్గరే అసలు తేడా. అల్యూమినియం బరువు స్టీలులో మూడో వంతే, వేడి కూడా సమంగా పాకుతుంది. కాకపోతే పూత లేని అల్యూమినియంలో చింతపండు, టమాటా ఉడికిస్తే లోహం పులుసులోకి దిగుతుంది. హార్డ్ అనోడైజ్డ్ (పైపొరను గట్టిపరిచిన) రకానికి ఆ బెడద తక్కువ. స్టీలు అంత తేలిగ్గా సొట్టపడదు, ఇసుకతో తోమినా చెడదు. కానీ పలచటి స్టీలు గిన్నెలో మంట తగిలిన చోటే అన్నం మాడుతుంది. నీళ్లు మరిగించడానికే అయితే టైటానియం తేలికే, కానీ డబ్బు దండగ. నాన్‌స్టిక్ మాత్రం వద్దు, స్టీలు చెంచా గీతలకే పూత లేచిపోతుంది.

చవగ్గా కావాలంటే స్టీలు సామాన్ల దుకాణంలో అంచున్న చిన్న గిన్నె, సరిపోయే మూత, ఒక పట్టకారు కొనండి. ప్లాస్టిక్ పిడి ఉన్నవి మంటకి కరుగుతాయి. పిడి ఉంటే రివెట్లను ఊపి చూడండి, ముందు వదులయ్యేవి అవే. మూత తప్పనిసరి: 3,000 మీటర్ల ఎత్తులో నీళ్లు దాదాపు 90 డిగ్రీలకే మరుగుతాయి, బియ్యం ఉడకడానికి ఎక్కువసేపు పడుతుంది. గంట ముందే నానబెట్టండి.

కట్టెల పొయ్యి అయితే గిన్నె బయట తడిమట్టి పూయండి. మసి మట్టితోపాటే కడుక్కుపోతుంది.